వంద కిలోలు దాటినవాళ్లకి ఇంట్లో ఏ ఎలిప్టికల్ సరిపోతుంది?

ఎలిప్టికల్ (క్రాస్ ట్రైనర్ అని కూడా అంటారు, నిలబడి పెడల్స్ తొక్కుతూ హ్యాండిళ్లు ఆడించే వ్యాయామ మెషీన్) కొందామని చూస్తున్నవాళ్లు, అందులోనూ బరువు వంద కిలోలు దాటినవాళ్లు, ముందుగా ఒక్క పని చేయండి. మీకు నచ్చిన మోడల్ వివరాల్లో ఆ మెషీన్ సొంత బరువు ఎంతో వెతకండి. మనిషి ఎంత బరువు వరకు ఎక్కొచ్చు అనేది పెద్ద అక్షరాల్లో వేస్తారు, మెషీన్ బరువు మాత్రం ప్యాకింగ్ వివరాల పక్కన ఎక్కడో చిన్నగా ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. కానీ మీరు కొన్నది రెండేళ్లు నిలుస్తుందా రెండు నెలలకే మూలన పడుతుందా అన్నది చాలావరకు ఆ చిన్న అంకెని బట్టే ఉంటుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి. అప్పుడు నా బరువు 118 కిలోలు. కొన్న క్రాస్ ట్రైనర్ మీద 120 కిలోల వరకు అని రాసి ఉంది, సరిపోతుంది కదా అనుకున్నాను. దాని సొంత బరువు 38 కిలోలు. మొదటి రెండు వారాలు బాగానే ఉంది, మూడో వారం నుంచి ఎడమ కాలు కిందికి వచ్చిన ప్రతిసారీ టక్ మని ఒక చప్పుడు మొదలైంది. పెద్ద విషయం కాదులే అని ఇంకో పది రోజులు అలాగే తొక్కాను. తర్వాత ప్లాస్టిక్ మూత తీసి చూస్తే, ఇరుసుకి క్రాంక్‌ని, అంటే పెడల్‌తో పాటు గుండ్రంగా తిరిగే కడ్డీని, పట్టి ఉంచే నట్టు సగం వదులైపోయి ఉంది. క్రాంక్‌లో నలుపలకల ఇరుసు కూర్చునే రంధ్రం అంచులు అరిగి గుండ్రంగా తయారయ్యాయి, కింద వెండి రంగు పొడి రాలి ఉంది. నట్టు బిగించాను, రెండు రోజుల్లో మళ్లీ వదులైంది. ఒకసారి ఆ రంధ్రం ఆకారం పోయిందంటే ఎంత బిగించినా లాభం లేదు, క్రాంక్ మొత్తం మార్చాల్సిందే. వారంటీ అడిగితే మీ బరువు లిమిట్‌కి మరీ దగ్గరగా ఉంది అన్నారు. లిమిట్ లోపలే ఉన్నాను కదా అని ఎంత వాదించినా ఆ మాట చెల్లలేదు.

అసలు ఎందుకిలా జరుగుతుందో అర్థం చేసుకుంటే ఎంపిక తేలికవుతుంది. ఎలిప్టికల్ మీద మీ బరువు ఒకచోట నిలకడగా ఉండదు, ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతూనే ఉంటుంది. నిమిషానికి 50 చుట్లు తొక్కితే అరగంటకి 1500 చుట్లు, చుట్టుకి రెండుసార్ల చొప్పున 3000 సార్లు మీ బరువు ఎడమకీ కుడికీ మారుతుంది. ఒకసారి నిలబడితే విరగదు అనడం వేరు, రోజుకి మూడు వేల సార్లు ఊపినా మెషీన్ కీళ్లు వదులవకుండా ఉండటం వేరు. అందుకే బాక్స్ మీద ఉన్న అంకెని చిట్టచివరి అంచుగా తీసుకోండి, అది మీ బరువు కన్నా కనీసం పాతిక శాతం ఎక్కువ ఉండాలి. అంటే మీరు 120 కిలోలుంటే 150 కిలోలకి తగ్గింది చూడొద్దు. మెషీన్ సొంత బరువు విషయంలో నేను పెట్టుకున్న లెక్క ఏంటంటే, మీ బరువులో సగమైనా ఉండాలి, కుదిరితే మూడింట రెండొంతులు. 120 కిలోల మనిషికి 60 కిలోల మెషీన్ కనీసం, 80 అయితే నిశ్చింత. ఇది ఏ పుస్తకంలోనూ ఉన్న సూత్రం కాదు, నాలుగైదు మెషీన్లు ఎక్కి దిగాక నాకు కుదిరిన కొలత.

ఫ్రేమ్ గొట్టాలు కూడా చూడండి. గొట్టం రేకు మందం ఒకటే అయినా వెడల్పు రెట్టింపైతే వంగకుండా ఆగే బలం దాదాపు ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే సన్నని కడ్డీల్లాంటి ఫ్రేమ్ ఎంత మెరుగు పెట్టినా ఊగుతూనే ఉంటుంది, లావు గొట్టాలది కదలకుండా ఉంటుంది. ఫొటోలోనే ఈ తేడా తెలిసిపోతుంది.

ఇక రకాల దగ్గరికొద్దాం.

సీటు ఉన్న టూ-ఇన్-వన్ క్రాస్ ట్రైనర్లు అన్నిటికన్నా చవక, ఎక్కువగా కనిపించేవీ అవే. నిలబడి ఎలిప్టికల్‌లా తొక్కొచ్చు, అలిసిపోతే కూర్చుని సైకిల్‌లా తొక్కొచ్చు అని చెబుతారు. వినడానికి బాగుంటుంది, కానీ బరువున్నవాళ్లు వీటిని వదిలేయండి. బేస్ ఇరుకు, మెషీన్ తేలిక, ఫ్లైవీల్, అంటే కదలిక సాఫీగా సాగేలా లోపల తిరిగే బరువైన చక్రం, 4 నుంచి 6 కిలోల మధ్యే ఉంటుంది. స్ట్రైడ్, అంటే అడుగు ముందు నుంచి వెనక్కి ప్రయాణించే దూరం, 12 లేదా 14 అంగుళాలకి మించదు. ఇంత పొట్టి స్ట్రైడ్‌లో కాలు ముందుకీ వెనక్కీ సాగదు, మెట్లెక్కుతున్నట్టు పైకీ కిందికీ పోతుంది, ఆ భారమంతా మోకాలి మీదే. మనం ఎలిప్టికల్ కొనేదే మోకాళ్ల కోసం కాబట్టి ఇది అసలు పనికే అడ్డం. సీటు కూడా చిన్నదీ గట్టిదీ, బరువున్న మనిషి పది నిమిషాలు కూడా కూర్చోలేడు. 80 కిలోల లోపు ఉండి రోజూ పదిహేను నిమిషాలు మెల్లగా తొక్కేవాళ్లకి పర్లేదు, అంతకు మించి నేను చెప్పలేను.

ఫ్రంట్ డ్రైవ్ మెషీన్లలో ఫ్లైవీల్ ముందు వైపు ఉంటుంది, పెడల్స్‌ని మోసే కడ్డీల వెనక కొసలకి చిన్న చక్రాలుండి అవి పట్టాల మీద ముందుకీ వెనక్కీ దొర్లుతాయి. మధ్యస్థం ధరలో దొరికేవాటిలో చాలావరకు ఇవే. స్ట్రైడ్ 18, 20 అంగుళాల దాకా ఉంటుంది, వాలు మార్చుకునే సదుపాయం కూడా కొన్నిటిలో ఉంటుంది. ఇవి చెడ్డవని అనను, కానీ బరువున్నవాళ్లు ఒకటి గమనించాలి. మీ బరువులో పెద్ద వాటా ఆ చిన్న చక్రాల మీద పడుతుంది. పట్టాల మీద కొంచెం దుమ్ము, రెండు వెంట్రుకలు ఉన్నా చాలు, చక్రం అంచులు అరిగి నల్లటి గీతలు పడతాయి, ఆ తర్వాత ప్రతి అడుగుకీ గరగరమని శబ్దం వస్తుంది, కాలికి కూడా ఆ గరుకు తెలుస్తుంది. వారానికి రెండుసార్లు పట్టాలు పొడి గుడ్డతో తుడిచే ఓపిక ఉంటే, చక్రాలు విడిగా అమ్ముతారని ముందే ఖాయం చేసుకుంటే, ఫ్రంట్ డ్రైవ్ కొనొచ్చు. ఒక్కో వైపు రెండేసి చక్రాలుండి, పట్టాలు ప్లాస్టిక్‌వి కాకుండా అల్యూమినియంవి అయితే ఇంకా మంచిది.

రియర్ డ్రైవ్‌లో ఫ్లైవీల్ వెనక ఉంటుంది. 1995లో ప్రికోర్ తెచ్చిన మొట్టమొదటి ఎలిప్టికల్ ఈ పద్ధతిదే. అడుగు సాఫీగా, నడకకి దగ్గరగా సాగుతుంది, ఒళ్లు ముందుకి వాలకుండా నిటారుగా నిలబడొచ్చు. పొట్ట ఉన్నవాళ్లకి ఈ నిటారుగా ఉండటం చాలా పెద్ద సుఖం. ముందుకి వాలితే నడుం కింది భాగం పట్టేస్తుంది, ఊపిరి కూడా నిండుగా ఆడదు. వీటికి చోటు ఎక్కువ కావాలి, ఆరు ఏడు అడుగుల పొడవు పడుతుంది, ధర కూడా ఎక్కువే. అయినా 100 నుంచి 140 కిలోల మధ్య ఉన్నవాళ్లు కొత్తది కొనాలనుకుంటే నా ఓటు దీనికే, స్ట్రైడ్ 20 అంగుళాలు, మెషీన్ బరువు 70 కిలోలకి తగ్గకుండా చూసుకుంటే.

సెంటర్ డ్రైవ్ అని ఇంకో రకం ఉంది. ఇందులో తిరిగే భాగాలు పెడల్స్‌కి రెండు పక్కలా ఉంటాయి, మీ బరువు మెషీన్ నడిమధ్యన పడుతుంది. పొడవు తక్కువ, చాలావాటిలో చక్రాలూ పట్టాలూ ఉండవు కాబట్టి అరిగే బాధ తక్కువ. గది చిన్నదైతే ఇది మంచి మార్గం, కానీ పెడల్ నేల నుంచి బాగా ఎత్తులో ఉంటుంది. మోకాళ్లు నొప్పిగా ఉన్న మనిషికి అంత ఎత్తుకి కాలెత్తి ఎక్కడం, అలిసిపోయి చెమటలు కారుతున్నప్పుడు దిగడం, ఈ రెండూ కష్టమే. ఎక్కి దిగి చూడకుండా ఈ రకం కొనొద్దు. పెడల్ ఎత్తు మాటొచ్చింది కాబట్టి, ఏ రకమైనా సరే మీ ఎత్తుకి పెడల్ అన్నిటికన్నా పైకి వెళ్లినప్పటి ఎత్తు కలిపి, దానికి ఇంకో అరడుగు చేర్చి, గది పైకప్పు అంతకన్నా ఎత్తులో ఉందో లేదో కొలుచుకోండి. ఫ్యాన్ ఉంటే దాని రెక్కల దాకానే లెక్క.

చాలామంది ఆలోచించనిది, నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చినది, జిమ్‌లో వాడి తీసేసిన కమర్షియల్ మెషీన్. వ్యాయామ పరికరాలకి ఐఎస్ఓ 20957 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో ఇంటి వాడకానికి హెచ్ అనీ, జిమ్‌ల వాడకానికి ఎస్ అనీ తరగతులు ఉంటాయి. ఎస్ తరగతివి రోజుకి గంటల తరబడి, రకరకాల మనుషులు ఎక్కి తొక్కడానికి కట్టినవి. వీటిలో చాలావాటి పరిమితి 160 నుంచి 180 కిలోల దాకా ఉంటుంది, సొంత బరువు వంద కిలోలు దాటుతుంది. ఐదారేళ్లు వాడినదైనా ఒక కొత్త నాసిరకం మెషీన్ కన్నా గట్టిగా నిలబడుతుంది. ఇబ్బందులూ ఉన్నాయి. మోసుకురావడానికి నలుగురు కావాలి, గుమ్మంలోంచి పట్టాలి, కొన్నిటికి కరెంటు తప్పనిసరి, కొన్ని మాత్రం తొక్కుతుంటే పుట్టే కరెంటుతోనే నడుస్తాయి. అమ్మేవాళ్లు విడిభాగాలు తెప్పించి బాగుచేసి ఇస్తామంటేనే తీసుకోండి. తెరలో మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపించమని అడగండి, చాలా మెషీన్లలో ఆ లెక్క ఉంటుంది. నేను ఇప్పుడు వాడుతున్నది ఇలాంటిదే. ఎక్కినప్పుడు నేల మీద నిలబడినట్టే ఉంటుంది, ఆ ధైర్యం వచ్చాకే నేను రోజూ తొక్కడం మొదలుపెట్టాను. ఊగే మెషీన్ మీద మనకి తెలియకుండానే భయపడుతూ, హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని, బిగుసుకుపోయి తొక్కుతాం, రెండు రోజులకి ఎక్కాలనే అనిపించదు. బద్ధకం అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ చాలాసార్లు తప్పు మెషీన్‌ది.

150 కిలోలు దాటినవాళ్లకి మాత్రం నేను ఇంటి ఎలిప్టికల్ ఏదీ చెప్పను. ఎస్ తరగతిలో 180 కిలోల పరిమితి ఉన్నది దొరికితే సరే. లేదంటే వెనక్కి ఆనుకుని కూర్చుని తొక్కే రికంబెంట్ సైకిలో, కూర్చుని కాళ్లూ చేతులూ కలిపి ఆడించే రికంబెంట్ క్రాస్ ట్రైనరో చూడండి, మీ బరువుకి తగ్గ పరిమితి ఉందని ఖాయం చేసుకున్నాకే. ఒంటి బరువు కుర్చీ మీద ఉంటుంది, పడతామన్న టెన్షన్ ఉండదు, ఓ ఇరవై కిలోలు తగ్గాక నిలబడి తొక్కేదానికి మారొచ్చు. టేబుల్ కింద పెట్టుకునే మినీ ఎలిప్టికల్స్ గురించి కూడా అడుగుతుంటారు. కూర్చుని కాళ్లు కదిలించడానికి తప్ప వాటి మీద ఎక్కి నిలబడొద్దు.

ట్రెడ్‌మిల్ మంచిదా ఇది మంచిదా అంటే, మోకాళ్లు బాగున్నవాళ్లకి నడక ఏ మెషీన్‌కీ తీసిపోదు. కానీ పరిగెత్తినప్పుడు పాదం నేలకి తగిలే ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల దెబ్బ పడుతుంది, ఎలిప్టికల్‌లో పాదం పెడల్‌ని వదలదు కాబట్టి ఆ దెబ్బ ఉండదు. మోకాలి అరుగుదల ఉన్న పెద్ద వయసువాళ్ల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తేలింది. ఐదు కిలోలే తగ్గానని నిరుత్సాహపడేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మోకాలికి అది ఇరవై కిలోలు.

ఫ్లైవీల్ బరువు గురించి అమ్మేవాళ్లు ఎక్కువ చెబుతారు. బరువైన చక్రం వల్ల కదలిక సాఫీగా ఉంటుందన్నది నిజమే, కానీ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందన్నది కూడా అంతే ముఖ్యం. గేర్ నిష్పత్తి (పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది) ఎక్కువగా ఉన్న మెషీన్‌లో 8 కిలోల చక్రం, నిష్పత్తి తక్కువున్న 12 కిలోల చక్రం కన్నా సాఫీగా అనిపించొచ్చు. తొక్కుతూ పెడల్ పైకొచ్చి తిరిగే చోట ఆగినట్టు, మోకాలిని కుదిపినట్టు అనిపిస్తే అంకె ఎంతున్నా వద్దనుకోండి. రెసిస్టెన్స్, అంటే పెడల్ బిగువు, విషయంలో మాత్రం మనలాంటివాళ్లకి ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. ఒంటి బరువే పెడల్‌ని కిందికి తోసేస్తుంది కాబట్టి, బలహీనమైన మెషీన్‌లో నాబ్ చివరిదాకా తిప్పినా కాలు జారిపోతున్నట్టు ఉంటుంది. అయస్కాంతాన్ని తీగతో దగ్గరికి లాగే నాబ్ రకం కన్నా, మోటార్‌తో లేదా విద్యుదయస్కాంతంతో బిగువు మార్చేవి నయం, లెవెల్ ఒకసారి పెడితే అదే నిలుస్తుంది.

పెడల్స్ మధ్య ఎడం గురించి ఎవరూ చెప్పరు. తొడలు లావుగా ఉన్నవాళ్లకి పాదాలు కొంచెం ఎడంగా ఉంటేనే హాయి, కానీ మరీ దూరమైతే పావుగంటకే తుంటి బయటి వైపు లాగడం మొదలవుతుంది. పాదాలు మీ తుంటి వెడల్పులో ఉండి, మోకాలు బొటనవేలి వైపు తిన్నగా వెళ్తుంటే బాగున్నట్టు. కదిలే హ్యాండిళ్లు వెనక్కి వచ్చినప్పుడు పొట్టకి గానీ ఛాతీకి గానీ తగులుతున్నాయా, కదలని హ్యాండిల్ పట్టుకుంటే మోకాలు దేనికైనా కొట్టుకుంటోందా అని కూడా చూసుకోండి. స్ట్రైడ్ ఐదడుగుల మూడు అంగుళాల నుంచి ఏడు అంగుళాల ఎత్తువాళ్లకి 18 అంగుళాలు చాలు, ఇంకా పొడవైతే 20.

వీలైతే కొనేముందు ఎక్కి చూడండి, సిగ్గుపడొద్దు. రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్లండి. ముందు ఒక్క పెడల్ మీదే బరువంతా వేసి పది లెక్కపెట్టండి, పెడల్ లోపలి వైపు వాలుతోందేమో కిందికి చూడండి. సగం నీళ్లున్న సీసా ఒకటి మెషీన్ ముందు అరలో పెట్టి ఐదు నిమిషాలు మామూలు వేగంతో తొక్కండి. నీళ్లు మెల్లగా ఊగితే సరే, సీసానే అటూ ఇటూ జరుగుతుంటే ఆ ఫ్రేమ్ మీ బరువు మోయలేదు. తర్వాత చేతులు వదిలేసి ఒక నిమిషం తొక్కండి. అది కూడా భయం లేకుండా చేయగలిగితే మెషీన్ మీకు సరిపోయినట్టే. ఎక్కి చూసే వీల్లేక ఆన్‌లైన్‌లో తెప్పిస్తుంటే, తిరిగి పంపేటప్పుడు బిగించిన మెషీన్ తీసుకుంటారా, విడదీసి ప్యాక్ చేయాల్సింది ఎవరు అని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

వారంటీలో ఫ్రేమ్‌కి పదేళ్లు అని చూసి మురిసిపోవద్దు, ఫ్రేమ్ విరగడం అరుదు. పోయేవి బేరింగులు, క్రాంకులు, చక్రాలు, పెడల్ కీళ్లు. వాటికి ఎన్నాళ్లు, మనిషి ఇంటికొచ్చి చేస్తాడా, మీ బరువు దగ్గర ఏమైనా మెలిక ఉందా, ఈ మూడే అడగండి. తెర, పాటలు, ప్రోగ్రాములు ఎన్నున్నాయన్నది చివర్లో చూసుకోవచ్చు. కేలరీల అంకెని ఎలాగూ నమ్మొద్దు, మీ బరువు అడగకుండానే లెక్క చూపించే మెషీన్ ఊహించి చెబుతోందని అర్థం. హ్యాండిల్ పట్టుకుంటే వచ్చే గుండె వేగం కూడా అంతంతమాత్రమే, కచ్చితంగా కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ వాడండి.

బీపీ, షుగర్, ఛాతీ నొప్పి, పాదాల్లో స్పర్శ తగ్గడం లాంటివి ఉంటే మెషీన్ కన్నా ముందు డాక్టర్‌ని కలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అంటుంది, కానీ మొదటి రోజే అరగంట తొక్కాలని లేదు. నేను ఐదు నిమిషాలతో మొదలుపెట్టాను, ఆ ఐదు నిమిషాలకే తొడలు వణికాయి. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. పాదాలు తిమ్మిరెక్కితే బూట్ల లేసులు వదులు చేసి, మడమ కొంచెం లేపి వేళ్లు ఆడించండి, పెడల్‌ని ముని వేళ్లతో తొక్కే అలవాటు ఉంటే మానేయండి.

ఇంటికొచ్చాక మొదటి నెల జాగ్రత్తగా చూసుకోండి. కింద గట్టి రబ్బరు మ్యాట్ వేసి, నాలుగు మూలల కాళ్లు తిప్పుతూ ఎక్కడా లొటుకు లేకుండా సరిచేయండి, కొంచెం వంకరగా నిలబడితే ఒక వైపు కీళ్లే ముందు అరుగుతాయి. మొదటి వారం తొక్కాక బోల్టులన్నీ ఒకసారి బిగించండి, నెల తిరిగాక మళ్లీ. చాలా మెషీన్లలో ఎడమ పెడల్ దగ్గర మర తిరగేసి ఉంటుంది, అది తెలియక మామూలుగా తిప్పితే బిగుస్తుందనుకున్నది ఊడి వస్తుంది, కాబట్టి మాన్యువల్ పక్కన పెట్టుకునే స్పానర్ పట్టండి. టక్ మని చప్పుడు వినిపించిన రోజే దిగి, ఏ వైపు నుంచి వస్తోందో చూసి, బిగించాకే మళ్లీ ఎక్కండి.